ఆకస్మికోదరశూల – సూక్ష్మరంధ్ర శస్త్రచికిత్స

నొప్పి యనునది దేహము మనకు పంపెడు వార్త. వార్త వచ్చినంతమాత్రమున చాలదు; అది యెచ్చటనుండి వచ్చినదో తెలియవలెను. కాలు విఱిగినచో కంటికి కనబడును. కంట నలుసు పడినచో వ్రేలితో చూపవచ్చును. ఉదరము మాత్రము మూతవేసిన పెట్టె వంటిది. జీర్ణాశయము, కాలేయము, పిత్తాశయము, క్లోమము, ప్లీహము, ఇంచుమించు 25 అడుగుల ప్రేవులు, వెనుకభాగమున మూత్రపిండములు, స్త్రీలయందు గర్భాశయమును అండాశయములును ఆ పెట్టెలో ఒకదానినొకటి యొరసికొని యుండును. వీనిలో నేది చెడినను రోగి చెప్పగలిగినది యొక్కటే మాట: కడుపులో నొప్పి యని.

ఈ యొక్క మాట వెనుక దాగియుండు వ్యాధులు పదులకొలది కలవు. అపెండిక్సు అని యెల్లరును పిలుచుచున్న ఉండుకము వాచినచో నొప్పి మొదట బొడ్డుచుట్టును పుట్టి, కొన్ని గంటలకు పొత్తికడుపు కుడివైపునకు దిగి యచ్చట నిలుచును. పిత్తాశయమునందు రాళ్లున్నచో క్రొవ్వుగల భోజనము చేసిన పిదప కుడిడొక్క క్రింద పుట్టి కుడిభుజము వెనుకకు ప్రాకును. జీర్ణాశయమునందలి పుండు చిల్లిపడినచో కత్తితో పొడిచినట్లు ఒక్క క్షణమున వచ్చి, కడుపంతయు చెక్కపలకవలె బిగిసికొనును. క్లోమము వాచినచో నొప్పి వీపులోనికి దూసికొనిపోవును. మూత్రనాళమున రాయి దిగుచున్నచో నడుమునుండి గజ్జలకు వచ్చును; రోగి యొకచోట నిలువలేక పొరలాడును. ఇవి యన్నియు వైద్యగ్రంథములందు చక్కగా వ్రాయబడియున్నవి. కాని రోగములు గ్రంథములు చదివి రావు. పసిపిల్లలయందును, వృద్ధులయందును, గర్భిణులయందును, మధుమేహరోగులయందును ఈ లక్షణములు తారుమారగుచుండును. హృద్రోగము, ఊపిరితిత్తుల క్రిందిభాగపు వాపు, మధుమేహము ముదిరి రక్తమున ఆమ్లము పెరుగుట, ఇట్టి ఉదరమునకు బాహ్యములైన వ్యాధులుకూడ కడుపునొప్పి వేషమున వచ్చుట కలదు.

ఇట్టి నొప్పిని చూచిన శస్త్రవైద్యునికి చిరకాలము రెండే మార్గములుండెను. ఒకటి వేచియుండుట, రెండవది కోసి చూచుట. ఉండుకమును తీసివేసిన తొలి శస్త్రచికిత్స 1735 వ సంవత్సరమున లండను నగరమున క్లాడియస్ ఎమియండ్ అను వైద్యుడు చేసినది. పదునొకండేండ్ల బాలుడు మ్రింగిన గుండుసూది ఆ ఉండుకమును చిల్లిపొడిచియుండెను. అయినను ఆ వ్యాధికి స్పష్టమైన పేరును రూపమును ఏర్పడుటకు మఱి నూటయేబది యేండ్లు పట్టినది. 1886 లో అమెరికాయందలి బోస్టను నగరవాసి రెజినాల్డు ఫిట్జు ఆ వాపు మూలమును నిరూపించి దానికి నేటి పేరు పెట్టెను. 1889 లో న్యూయార్కునందలి చార్లెసు మెక్‌బర్నీ నొప్పి యెచ్చట నిలుచునో ఆ స్థానమును గుర్తించి చూపెను. 1902 జూనులో ఇంగ్లండు చక్రవర్తి ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకము రెండుదినములలో జరుగవలసియుండగా, ఉండుకము చుట్టును చీము పట్టి యుత్సవము నిలిచిపోయినది. ఫ్రెడరిక్ ట్రీవ్సు ఆ చీమును తీసిన పిదప, ఆగస్టు మాసమున గాని చక్రవర్తికి కిరీటధారణము జరుగలేదు. కడుపునొప్పికి రాజు పేద యను భేదము లేదని ఆనాడు లోకమెల్ల చూచినది.

ఈ రెండు మార్గములలోను అపాయము కలదు. వేచియున్నచో ఉండుకము పగిలి చీము ఉదరమంతయు వ్యాపింపవచ్చును. కోసినచో లోపల నేమియు లేకపోవచ్చును. ఎక్సురే తప్ప మఱియొక చిత్రసాధనము లేని కాలమున, ఉండుకశస్త్రములు నూఱు జరిగినచో పదునైదు మొదలు ఇరువదింటిలో ఆ యవయవము ఆరోగ్యముగానే యుండెడిది. యువతుల విషయమున ఈ లెక్క మఱింత హెచ్చుగా నుండెడిది. పగిలిన ఉండుకమును విడిచిపెట్టుటకంటె, మంచి ఉండుకమును కొన్నిసారులు తీసివేయుట మేలని వైద్యలోకము సమాధానపడియుండెను. ఆ సమాధానమునకు మూల్యము చెల్లించినవాడు మాత్రము రోగి. నిష్కారణముగా కోసిన కడుపునకును మచ్చయుండును, నొప్పియుండును, పనిలేని దినములుండును. లోపల పొరలు అతుకుకొని యేండ్ల తరువాత ప్రేవులకు అడ్డుపడు భయమును కలదు.

వేచియుండుటకును కోయుటకును నడుమ, లోనికి తొంగిచూచుట యను మూడవ మార్గమును వెదకినవారి చరిత్ర యిక చూడదగినది. 1901 వ సంవత్సరమున జర్మనీదేశమున డ్రెస్డెను నగరమునకు చెందిన గేయార్గ్ కెల్లింగు అను వైద్యుడు హాంబర్గున జరిగిన పండితసభలో ఒక కుక్క యుదరమును గాలితో నింపి, మూత్రాశయమును పరీక్షించు గొట్టమును చిన్నరంధ్రముగుండ లోనికి పంపి, లోని యవయవములను చూపెను. 1910 లో స్వీడనునందలి స్టాక్‌హోము నగరమున హాన్స్ క్రిస్టియన్ యాకోబేయస్ మానవులయందు దీనిని ప్రయోగించి ఫలితములను ప్రకటించెను. నేడు లాపరోస్కోపీ యని పిలువబడు విద్యకు ఇదియే ప్రారంభము. మన వాడుకలో దీనిని ఉదరదర్శనమనవచ్చును.

ఆ తరువాతి యభివృద్ధి యంతయు రెండు చిక్కులను విప్పుటకై జరిగినది. మొదటిది, ప్రేవులకు తగులకుండ లోనికి ప్రవేశించుట. రెండవది, చీకటిగదివంటి యుదరమునకు వెలుతురు తెచ్చుట. హంగేరీదేశపు వైద్యుడు యానోష్ వెరెష్ 1938 లో ఒక సూదిని ప్రకటించెను. దాని మొనయందు స్ప్రింగు గల మొద్దుకడ్డీ యొకటి యుండును; ఖాళీస్థలము చేరినతోడనే యది ముందుకు వచ్చి వాడిమొనను కప్పివేయును. క్షయరోగుల ఊపిరితిత్తుల చుట్టును గాలి యెక్కించుటకై యతడు చేసిన యా సూదియే నేడు ప్రపంచమంతటను ఉదరమున వాయువు నింపుటకు వాడబడుచున్నది. వెలుతురు చిక్కును తీర్చినవాడు ఆంగ్లేయుడైన భౌతికశాస్త్రజ్ఞుడు హెరాల్డు హాప్కిన్సు. గొట్టములో చిన్న కటకములకు బదులు పొడవైన గాజుకడ్డీలను అమర్చి, దృశ్యము మిక్కిలి స్పష్టముగా నుండునట్లు చేసెను. బల్బు లోపల వేడెక్కెడు బెడద తప్పి, వెలుతురు గాజుతీగలద్వారా బయటనుండియే వచ్చుట ప్రారంభమయ్యెను.

చూచుట కుదిరినను, ఆ రంధ్రములనుండియే చికిత్స చేయుటకు వైద్యలోకము తేలికగా నొప్పుకొనలేదు. జర్మనీయందలి కీల్ నగరమున స్త్రీవైద్యనిపుణుడు కుర్ట్ సెమ్ 1980 లో ఉండుకమును పూర్తిగా రంధ్రములగుండ తీసివేసెను. ఆయనను మెచ్చుకొనుటకు బదులు, ఆయన వైద్యవృత్తిని నిలుపుచేయవలెనని జర్మను శస్త్రవైద్యసంఘాధ్యక్షుడు లేఖ వ్రాసెను. 1985 లో బోబ్లింగెను పట్టణమున ఎరిక్ మ్యూహె పిత్తాశయమును ఈ పద్ధతిని తీసివేసి స్వదేశీయ సంఘమునకు తెలిపినప్పుడును తిరస్కారమే లభించెను. అదే సంఘము 1992 లో ఆయనకు తన గౌరవపురస్కారము సమర్పించినది. 1987 లో ఫ్రాన్సునందలి లియోను నగరమున ఫిలిప్ మూరే చిన్న కెమెరా సహాయమున పిత్తాశయమును తీసిన పిమ్మట ఈ విద్య దావానలమువలె వ్యాపించెను. అంతవఱకు ఒక కన్ను గొట్టమునకు ఆనించి వైద్యుడొక్కడే చూచెడివాడు. తెరమీద బొమ్మ వచ్చిన పిదప సహాయకుడును, మత్తువైద్యుడును, నర్సును, శిష్యులును చూచుచు పనిచేయగలిగిరి. ఒక్కని నేర్పు పదుగురి విద్య యైనది.

మన దేశమున ఈ విద్యకు బీజము వేసినది బొంబాయినందలి జె.జె. ఆసుపత్రియం దని చెప్పుకొనుట గర్వకారణము. అది ధనికుల వైద్యశాల కాదు. బీదసాదలు చేరు ప్రభుత్వ వైద్యశాల. అచ్చట డాక్టరు తెహెంతన్ ఉద్వాడియా 1972 లోనే రోగనిర్ణయమునకై ఉదరదర్శనము ప్రారంభించెను. ఖరీదైన పరీక్షలు దొరకని చోట ఒక గొట్టము, ఒక దీపము, ఒక శిక్షితమైన చేయి ఉన్నచో, కడుపులోని క్షయను, కాలేయరోగమును, పుట్టకురుపును కన్నులార చూచి తేల్చవచ్చునని యతడు వాదించెను. 1990 లో మన దేశమున మొదటిసారిగా పిత్తాశయమును ఈ పద్ధతిని తీసినవాడును ఆయనయే. 2017 లో పద్మభూషణ బిరుదము నొంది 2023 లో దివంగతుడయ్యెను. ఈ సాధనము పేదదేశములకు అలంకారము గాక అవసరమని ఆయన జీవితాంతము చెప్పిన మాట నేటికిని మననము చేయదగినది.

ఇక ఈ పని జరుగు విధమును సంగ్రహముగా తెలిపెదము. రోగికి మత్తు ఇచ్చి, బొడ్డువద్ద సెంటీమీటరు మేర గాటుపెట్టి, ఉదరమును బొగ్గుపులుసు వాయువుతో నింపుదురు. ఈ వాయువు మండదు. రక్తమున సులభముగ కరగి ఊపిరిద్వారా వెలుపలికి పోవును. కావుననే దీనిని ఎన్నుకొనిరి. దాని పీడనము 12 మొదలు 15 మిల్లీమీటర్ల పాదరసమును మించకుండ యంత్రము కాచుచుండును. గుడారపు గుడ్డవలె పొట్ట పైకి లేచి, లోపల చూచుటకును పనిచేయుటకును చోటేర్పడును. ఆ గాటుగుండ కెమెరా గల గొట్టము పోవును. 5 మిల్లీమీటర్ల వెడల్పుగల మఱి రెండు మూడు రంధ్రములగుండ పొడవైన సన్నని పట్టుకారులు, కత్తెరలు, రక్తము నాపు సాధనములు పోవును. తాళపుచెవి దూరు కంతనుండి గదినంతయు చూచి, ఆ కంతనుండియే గది సర్దినట్లుండుటచే పాశ్చాత్యులు దీనికి ఆ కంత పేరే పెట్టిరి.

లోనికి పోయిన కన్ను ఒక్క ఉండుకమును మాత్రమే చూడదు; ఇదియే ఈ పద్ధతి ప్రధానగుణము. కుడిపొత్తికడుపున కోసిన వైద్యుడు ఆ గాటుక్రింద నున్నదానినే చూడగలడు. గొట్టము త్రిప్పినవాడు కాలేయమునుండి కటిభాగమువఱకు అన్నింటిని పరీక్షింపగలడు. ఉండుకమే దోషియైనచో దానిని మొదలంట కట్టి, కోసి, సంచిలో వేసి వెలుపలికి తీయును. పుండు చిల్లిపడియున్నచో దానిని కుట్టి, ప్రక్కనున్న క్రొవ్వుపొరను దానిపై కప్పి, కడుపంతయు కడిగివేయును. ఈ ప్రక్రియను గూర్చి మూరే మొదలగువారు 1990 లోనే ప్రకటించియున్నారు. పిత్తాశయము వాచియున్నచో దానిని తీసివేయును. పూర్వపు మచ్చలవలన నొక పొర ప్రేవునకు ఉరివలె బిగిసియున్నచో కొన్ని సందర్భములందు దానిని తెంచి ప్రేవును విడిపించును. లోపల చేయవలసిన దేమియు లేనిచో, సన్నని కుట్టు వేసి ఊరకుండును. ఈ కడపటిదియు చికిత్సయే యని గ్రహింపవలెను.

స్త్రీల విషయమున దీని ప్రయోజనము ఇంకను గొప్పది. పొత్తికడుపు నొప్పితో వచ్చిన యువతికి ఉండుకము వాచియుండవచ్చును. అండాశయమున నీటిబుడగ పగిలియుండవచ్చును. అండాశయమే మెలితిరిగి రక్తము నిలిచిపోయియుండవచ్చును. గర్భాశయమునకు వెలుపల అండవాహికయందు గర్భము నిలిచి పగిలియుండవచ్చును. మెలితిరిగిన అండాశయమును కొన్నిగంటలలో సరిచేసినచో బ్రతికించవచ్చును; ఆలస్యమైనచో తీసివేయవలసివచ్చును. వెలుపలి గర్భము పగిలినచో లోపల రక్తము ప్రవహించి ప్రాణమే పోవును. సంతానవయస్సునందున్న ఏ స్త్రీకైనను ఆకస్మికముగ పొత్తికడుపు నొప్పియు, తల తిరుగుటయు కలిగినచో, గర్భపరీక్ష మొట్టమొదట జరుగవలెను. ఆ ప్రశ్న అడుగుటకు వైద్యుడు మొగమాటపడరాదు. సమాధానము చెప్పుటకు ఇంటివారు సిగ్గుపడరాదు. ఆ మొగమాటమువలన పోయిన ప్రాణము మరల రాదు.

లాభములను పొగడునప్పుడు లెక్కను కూడ చూపుట న్యాయము. ఉండుకమును పాతపద్ధతిని తీయుటను, క్రొత్తపద్ధతిని తీయుటను పోల్చిన పరిశోధనలు అనేకములు జరిగినవి. క్రొత్తపద్ధతియందు గాయము చీముపట్టుట తగ్గును. మొదటిదినపు నొప్పి తక్కువ. రోగి త్వరగా ఇంటికి పోయి త్వరగా పనిలో చేరును. దినకూలితో బ్రతుకువానికి ఈ కడపటి లాభము చిన్నది కాదు. కాని కడుపులోపల చీముగడ్డ యేర్పడుట మాత్రము క్రొత్తపద్ధతియందు కొంత హెచ్చని పలు పరిశోధనలను కూర్చి చూచినప్పుడు తేలినది. ప్రవేశించునపుడే ప్రేవునకో పెద్ద రక్తనాళమునకో దెబ్బతగులుట వేయింటికొకటి మేరకు జరుగుచుండును. వాయువు ఉదరముపైనున్న పొరను ఒరయుటచే రెండుమూడు దినములు భుజము నొప్పిపెట్టుట సాధారణము. దానిని చూచి భయపడ పనిలేదు. లోపల పరిస్థితి చిక్కుగా నున్నచో వైద్యుడు రంధ్రములను విడిచి పాతరీతిని కోయవలసివచ్చును. అట్లు మార్చుకొనుట పరాజయము కాదు, అది వివేకము. సమ్మతిపత్రముపై వ్రాలుచేయు బంధువులు ఈ సంగతి ముందుగనే తెలిసికొనియుండవలెను.

అన్ని కడుపునొప్పులకును ఇది మందు కాదు. నేడు అల్ట్రాసౌండు, సి.టి. స్కాను అను సాధనములు కోతలేకయే లోపలి బొమ్మను చూపుచున్నవి. రక్తపరీక్ష, స్కాను, అన్నిటికంటె ముందుగ అనుభవజ్ఞుని చేయి, ఇవి తేల్చిన పిదప సందేహము మిగిలినచో గొట్టమునకు పని కలుగును. రక్తపుపోటు పడిపోయి కొనయూపిరితో నున్న రోగియందును, ప్రేవులు ఉబ్బి చోటులేని రోగియందును ఆలస్యము చేయక తెఱచి చూచుటయే శ్రేయస్కరము. ఉండుకపు వాపు చిక్కులు లేనిదైనచో, క్రిమినాశకౌషధములతోనే నయము చేయవచ్చునా యనియు పరీక్షించిరి. ఫిన్లండుదేశమున జరిగి 2015 లో తొలిఫలితములు ప్రకటించిన పరిశోధనలో, మందులు పుచ్చుకొన్నవారిలో అయిదేండ్లలోపల నూటికి 39 మందికి వాపు తిరిగివచ్చినదని 2018 లో తేలినది. అనగా నూటికి అరువదిమంది కత్తి తప్పించుకొనిరి. ఇట్టి లెక్కలను రోగి ముందుంచి, ఆతని యిష్టము నడుగు వైద్యుడు మంచి వైద్యుడు.

ఇంతవఱకు శాస్త్రమహిమను చెప్పితిమి. ఇక మన యిండ్లలో జరుగు సంగతి చూతము. కడుపునొప్పి వచ్చినంతనే మలబద్ధమని తలచి ఆముదము త్రాగించుట మన పల్లెలయందు తరతరముల యాచారము. వాచిన ఉండుకమునకు ఆముదమును ఎనీమాయును పగులుటకు సహాయపడును గాని మానుటకు కాదు. కాల్చిన కడ్డీతో పొట్టపై వాతలు పెట్టుట యింకను కొన్నిచోట్ల పోలేదు. ఆ పాపమునకు పసివారే యెక్కువగా బలియగుచున్నారు. గ్రామమునందలి ఆర్.ఎం.పి. వైద్యుడు నొప్పికి సూదిమందు వేయును, నొప్పి తగ్గును, రోగము తగ్గినదని ఇంటివారు నిద్రపోవుదురు. శస్త్రవైద్యుడు చూచువఱకు నొప్పిమందు ఈయరాదను పూర్వనియమము సరికాదని నేటి పరిశోధనలు తేల్చినమాట నిజమే. తగిన నొప్పిమందు రోగనిర్ణయమునకు అడ్డుపడదు. అపాయమంతయు సూదిమందే చికిత్స యని నమ్మి ప్రయాణము మానుటయందున్నది. పగిలిన ఉండుకమున నొప్పి ఒకింత తగ్గినట్లు తోచి, తరువాత కడుపంతయు చీముపట్టుట వైద్యులెల్లరెఱిగినదే.

కావున గుర్తుంచుకొనదగిన సూచనలు కొన్ని కలవు. ఆరుగంటలకు మించి విడువని నొప్పి, నొప్పితోపాటు వాంతులును జ్వరమును, ముట్టుకొననీయక బిగిసిన కడుపు, వాయువుగాని మలముగాని వెడలకుండుట, నల్లని మలము లేక రక్తపువాంతి, సొమ్మసిల్లుట, వీనిలో ఏ యొక్కటి కనబడినను ఆహారమును విరేచనౌషధమును ఇయ్యక వెంటనే శస్త్రవైద్యుడున్న చోటికి చేర్పవలెను. తెల్లవారినపిదప చూతమను మాట ఇట్టి వేళల పనికిరాదు. ఉండుకము వాచినవానికి ఒకటి రెండు దినములు గడచినకొలది పగులుభయము హెచ్చుచుండును. రంధ్రముగుండ అరగంటలో తీరవలసిన పని, ఆలస్యమువలన పెద్దకోతగను, వారములకొలది ఆసుపత్రివాసముగను, ఒక్కొక్కచో ప్రాణహానిగను పరిణమించును.

చేర్చుటకు తగిన చోటు దగ్గఱ నున్నదా యనునది తరువాతి ప్రశ్న. 2015 లో లాన్సెటు పత్రిక ప్రకటించిన అంతర్జాతీయ సంఘపు నివేదికయందు, ప్రపంచమున అయిదువందలకోట్ల జనమునకు సురక్షితమును, అందుబాటు వెలగలదియునైన శస్త్రచికిత్స లభించుట లేదని తేల్చిరి. కడుపు తెఱచి చూచు శస్త్రము, సిజేరియను కానుపు, ఎముక బయల్పడిన విఱుపునకు చికిత్స, ఈ మూడును రెండుగంటల ప్రయాణములో ప్రతిమనుష్యునికి లభింపవలెనని వారు చెప్పిరి. ఈ కొలతతో మన మన్యప్రాంతములను, కృష్ణాతుంగభద్రల నడుమనున్న మెట్టగ్రామములను కొలిచి చూచుకొన్నచో మన స్థితి మనకే తెలియగలదు. వర్షకాలమున వాగు పొంగినప్పుడు రెండుగంటల దారి రెండుదినముల దారి యగుచోట్లు మనకు తక్కువలేవు.

హైదరాబాదు నగరమును చూచి మనము గర్వించుటకు కారణములు లేకపోలేదు. అచ్చటి ఆసియా జీర్ణకోశవ్యాధుల సంస్థయందు డాక్టరు నాగేశ్వరరెడ్డియు, డాక్టరు జి.వి. రావును ఈ శతాబ్దపు తొలిదశకమున, పొట్టపై గాటులేకయే, నోటిగుండ గొట్టము పంపి, జీర్ణాశయముద్వారా ఉండుకమును తీసి లోకమున తొలివారుగ పేరొందిరి. కాలినమచ్చలవలన పొట్టపై కోయ వీలులేని రోగికి ఆ యుపాయము తోచినది. అది సాధారణపద్ధతిగా స్థిరపడలేదు. అయినను తెలుగునాట వైద్యమేధస్సునకు కొదువ లేదనుటకు అది ప్రత్యక్షసాక్ష్యము. కొదువ యెల్ల ఆ మేధస్సు రాజధాని దాటి తాలూకాకేంద్రమును చేరుటయందే యున్నది.

2007 లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆరోగ్యశ్రీ యను పథకమును మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలయందు ప్రారంభించి క్రమముగ రాష్ట్రమంతటను విస్తరించినది. రాష్ట్రవిభజనానంతరము రెండు రాష్ట్రములయందును ఆ మాదిరి పథకములు సాగుచున్నవి. పేదవాని శస్త్రచికిత్సకు సర్కారు డబ్బిచ్చుట మెచ్చదగిన ధర్మమే. కాని డబ్బు రోగివెంట పట్టణమునకు పోవును. వైద్యుడును యంత్రమును రోగియున్న చోటికి వచ్చుట వేరుమాట. గొట్టమొక్కటి కొన్నంతమాత్రమున ఆసుపత్రి కాదు. మత్తువైద్యుడు రేయింబవళ్లు ఉండవలెను. విద్యుచ్ఛక్తి ఆగకుండవలెను. వాయువు సీసాలు సకాలమున రావలెను. సన్నని పనిముట్ల సందులలో రక్తము నిలువకుండ కడిగి, క్రిమిరహితము చేయు నేర్పుగల నర్సు ఉండవలెను. వీనిలో నొకటి లోపించినను ఖరీదైన గొట్టము బీరువాయందు దుమ్ముపట్టును. అట్టి బీరువాలను మనము చూడకపోలేదు.

ఇచ్చట మన గ్రామీణశస్త్రవైద్యులు చూపిన దారి యొకటి కలదు. వాయువు నింపుటకు బదులు, ఒక లోహపు వలయమును పొట్టగోడక్రింద అమర్చి, దానిని పైకెత్తి పట్టి, లోపల చోటు చేసికొని పనిచేయు పద్ధతిని వారు ఈశాన్యభారతమందలి కొండప్రాంతములయందును ఇతరత్రను వాడుచున్నారు. వాయువు సీసా అక్కఱలేదు, వెన్నులో నిచ్చు మత్తే పెక్కుచోట్ల సరిపోవును, వ్యయము తగ్గును. పెద్దనగరముల సౌకర్యమునకై పుట్టిన యంత్రమును మన యవసరమునకు వంచుకొనుట ఇట్టిదే. ప్రభుత్వవైద్యకళాశాలలు దీనిని బోధించి, ఏరియా ఆసుపత్రులకు ఇట్టి శిక్షణపొందిన యువవైద్యులను పంపుట అసాధ్యము కాదు.

మఱియొక మాట కటువైనను చెప్పక తప్పదు. మచ్చ చిన్నదగుటచే కోతకు జంకు తగ్గినది. జంకు తగ్గినచోట దురాశకు దారి యేర్పడును. చిన్న కడుపునొప్పికెల్ల లోపల చూచెదమని చెప్పి, ఉండుకమునో గర్భాశయమునో తీసివేసి బిల్లు వ్రాయు ప్రబుద్ధులు వృత్తియందు లేరని చెప్పలేము. పథకము డబ్బైనను, భీమా డబ్బైనను, పొలము తాకట్టుపెట్టి తెచ్చిన డబ్బైనను అది ప్రజల చెమటయే. ఈ విద్యలోనే దీనికి విరుగుడును కలదు. తెరమీద కనబడిన ప్రతిదృశ్యమును భద్రపఱుపవచ్చును. తీసివేసిన ప్రతి యవయవమును సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించి నివేదిక వ్రాయవచ్చును. ఆ దృశ్యమును, ఆ నివేదికను రోగికి తప్పక ఇయ్యవలెనను నియమము ప్రతివైద్యశాలయందును అమలు జరుగవలెను. తీసిన ఉండుకములలో ఆరోగ్యముగ నున్నవెన్నియో లెక్కకట్టి యేటేట ప్రకటించు ఆసుపత్రిపై ప్రజలకు విశ్వాసము కలుగును. మంచి వైద్యునికి దీనివలన నష్టమేమియు లేదు.

తుదకు గ్రామములందలి భూస్వాములకును, పట్టణములందలి విద్యావంతులకును ఒక మనవి. మీ యింట నొప్పి వచ్చినచో కారులో గంటలో నగరము చేరగలరు. మీ పాలేరునకు, మీ వీధి నూడ్చు స్త్రీకి ఆ సౌకర్యము లేదు. వారు ఆముదమును, వాతలను, సూదిమందును నమ్ముటకు మూర్ఖత్వమొక్కటే కారణము కాదు. ఒకదినపు కూలి పోవుననియు, తెలియని పట్టణమున తమ మాట వినువారుండరనియు వారికి భయము. ఆ రాత్రి మీ బండి వారికి ఇయ్యుడు. మీలో ఒకరు వెంట పోయి వైద్యునితో మాటాడుడు. మీ తాలూకా ఆసుపత్రి సలహాసంఘమున సభ్యులైనచో, మత్తువైద్యుని పదవి యెంతకాలముగ ఖాళీగ నున్నదని అడుగుడు. గొట్టమున్నచో ఈ నెలలో ఎన్నిసారులు వాడిరని అడుగుడు. లేనిచో ఎందులకు లేదని అడుగుడు. ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలసినవారు మనచే ఎన్నుకొనబడినవారే.

మూతవేసిన పెట్టెను పగులగొట్టకయే లోన చూచు ఉపాయమును మానవుడు నూఱేండ్లకు మించిన తపస్సుచే సంపాదించెను. దానికై కొందఱు నిందలు పడిరి, కొందఱు పదవులు పోగొట్టుకొనవలసిన స్థితికి వచ్చిరి. ఆ ఫలము రాజధానులందలి గాజుమేడలలోనే నిలిచిపోయినచో ఆ తపస్సు సగము వ్యర్థము. నల్లమల అంచున నున్న గూడెమున అర్ధరాత్రి కడుపుపట్టుకొని మూలుగు బాలునికి, తెల్లవారులోపల ఒక నేర్పుగల చేయియు, ఒక చిన్న దీపమును అందినప్పుడే ఈ విద్య మనదైనదని చెప్పుకొనవచ్చును. ఆ దినము త్వరలో వచ్చునట్లు పాటుపడుట ప్రభుత్వమునకును, వైద్యులకును, మనకును సమానమైన బాధ్యత.